కోరస్ మాత్రం జనానిదే!

పాట మొదలవడానికి గంట ముందే డప్పు మొదలవుతుంది. మోగడం కాదు... కాగడం! వేదిక వెనకాల ఇంత గడ్డి పోగేసి మంట పెడతారు. డప్పులన్నీ దాని చుట్టూ చేరతాయి. వేడికి తోలు బిగుసుకుంటుంటే మధ్యమధ్యలో ఎవరో ఒకరు చేత్తో తట్టి చూస్తుంటారు. ఆ ఒక్క చప్పుడు చాలు, త్రిపురారం, నిడమనూరు, హాలియా వైపు ఊళ్లలో పిల్లలు కంచాల ముందు నుంచి లేచి పరుగెత్తడానికి. వాళ్ల వెనకాలే అమ్మలు, వాళ్ల వెనకాల చేతికర్రలతో తాతలు. ఏడింటికన్న సభ తొమ్మిదికి మొదలైనా ఎవరూ విసుక్కోరు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, పేరున్న తార అంతకన్నా లేదు. సాగర్ ఎడమ కాలువ కింద పొద్దంతా వరి పొలాల్లో నడుం వంచినవాళ్లు నడిరాత్రి దాకా నిలబడి పాట వింటారు.

అభిమానులు అనగానే మనకు సినిమా హీరోల కటౌట్లు, వాటికి పాలాభిషేకాలు గుర్తొస్తాయి. విడుదల రోజు మిర్యాలగూడలోనైనా, సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా ఆ సందడికేం తక్కువ లేదు. కానీ ఇదే నేల మీద ఇంకోరకం అభిమానం కూడా ఉంది. దానికి సంఘాల్లేవు, బ్యానర్లు లేవు. పాటల దళం వెంట ఊరూరా తిరిగే జనం అభిమానమది. హీరో అభిమాని తెర ముందు ఈలేస్తాడు. అతను ఈల వేయకపోయినా సినిమా నడుస్తుంది. పాటల దళం సంగతి అలా కాదు. జనం గొంతు కలపకపోతే అక్కడ పాటే లేదు!

మూడోసారికి మనదే

ఆ పాట కట్టుబడిలోనే ఉంది కిటుకంతా. ముందు పాటగాడు ఒక మాట అంటాడు. పక్కనున్న వంతగాళ్లు దాన్నే అందుకుంటారు. మళ్లీ అదే మాట, మళ్లీ వంత. మూడోసారికి ముందు వరసలో పిల్లలు పెదాలు కదుపుతారు. నాలుగోసారి వచ్చేసరికి పాటగాడు ఊరికే చెయ్యి గాల్లోకి లేపితే చాలు, మైదానం మొత్తం పాడేస్తుంది. ఇదేమీ వేదికల కోసం కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. నాట్లేసేటప్పుడు ఒకావిడ ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకునే పాట ఇదే. బతుకమ్మ చుట్టూ తిరిగే పాటా ఇదే. ఒకరు చెప్పడం, పదిమంది ఒప్పుకోవడం. వేదిక కట్టి మైకు పెట్టగానే అది సభ అయింది, అంతే తేడా.

దరువు కూడా అరువు తెచ్చుకున్నది కాదు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద రెండేళ్లకోసారి లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. గజ్జెల లాగులు తొడుక్కున్న యాదవులు భేరీలు మోగిస్తూ గుట్టెక్కుతుంటే చూసే తీరాలి. కాళ్లకు గజ్జెలు, భుజాన గొంగడి, చేతిలో కర్ర... ఈ వేషం తర్వాతి రోజుల్లో విప్లవ గాయకుల ఆహార్యంగా దేశమంతా తెలిసింది కానీ, ఈ జిల్లా జనానికి అది గొల్లసుద్దులు చెప్పేవాళ్ల దగ్గర ఎప్పటి నుంచో చూస్తున్నదే.

ఈ సంగతి అందరికన్నా ముందు పసిగట్టినవాళ్లలో సుద్దాల హనుమంతు ఒకరు. 1940ల్లో నిజాం రాజ్యంలో దొరల మీద తిరుగుబాటు రాజుకుంటున్నప్పుడు ఆయన గొల్లసుద్దుల్నీ బుర్రకథనీ చేతిలోకి తీసుకుని అందులో కొత్త కథ నింపారు. పశువులు కాసే జీతగాడైన పసివాడి మీద ఆయన రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాత నల్గొండ జిల్లాలో తాతలకీ తెలుసు, మనవలకీ తెలుసు. ఆయన 1982లో కన్నుమూశారు. కొడుకు సుద్దాల అశోక్‌తేజ సినిమా పాటల రచయితై ‘ఠాగూర్’లో పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. ‘ఆర్ఆర్ఆర్’లో కొమురం భీముడి పాట రాసిందీ ఆయనే. ఒక ఊరి పేరు ఇంటి ముందు మాటగా మారి రెండు తరాల పాటకు చిరునామా అయిందన్నమాట.

మరో పాట కథ ఇంకా విచిత్రం. ‘బండెనక బండి కట్టి’ తెలియని తెలుగువాళ్లుండరు. కానీ అది రాసిన బండి యాదగిరి గురించి అడగండి... చాలామంది నోరు వెళ్లబెడతారు. సాయుధ పోరాట కాలపు మనిషి ఆయన. పాటను జనం ఎత్తుకున్నారు, ఎత్తుకున్నవాళ్లు తమకు తోచినట్టు మార్చుకున్నారు, మారిన పాట ఊళ్లు దాటింది. 1980లో విడుదలైన ‘మా భూమి’లో గద్దర్ తెర మీద కనిపించి పాడాక ఇక దానికి అడ్డే లేకుండా పోయింది. బి.నరసింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ఆ సినిమాకి దర్శకుడు గౌతమ్ ఘోష్ అనే బెంగాలీ కుర్రాడు, ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల. ఇన్ని భాషల చేతులు పడినా పాట మాత్రం ఎడ్లబండి దిగలేదు!

ఏడిపించే మాట, ఎగిరించే దరువు

ఈ పాటల్లో నాకెప్పుడూ అంతుపట్టనిది ఒకటుంది. మాటలు చూస్తే గుండె బరువెక్కుతుంది. దరువు వింటే కాలు ఆగదు. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’ తీసుకోండి. చేతివృత్తులు కూలిపోయి ఊరు ఎండిపోతున్న వైనమది. కాగితం మీద చదివితే అక్షరాలా శోకం. ఆయన గొంతెత్తితే మాత్రం మనిషి నిలువునా చిందేస్తాడు, చూసేవాళ్లు చప్పట్లతో తాళమేస్తారు. 2002లో ‘కుబుసం’ సినిమాలో వందేమాతరం శ్రీనివాస్ గొంతులో అది ఇంటింటికీ చేరింది. కళ్లు తుడుచుకుంటూనే గంతేయడమేమిటో పట్నం మనిషికి కొంచెం వింతగా ఉంటుంది. ఊళ్లో అదేం వింత కాదు. చావు దగ్గర కూడా డప్పు మోగే నేల కదా ఇది.

అచ్చంగా ఇలాంటి పాటే భూగోళానికి అటువైపున కూడా పుట్టింది. అక్కడా పత్తి చేలే, అక్కడా దొరలే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలుగా, ఆ తర్వాత కౌలుదార్లుగా, కూలీలుగా బతికిన నల్లజాతి జనం చేలల్లో ఒకరు అంటే పదిమంది అందుకుంటూ పాడుకున్న పాటల్లోంచి ‘బ్లూస్’ అనే సంగీతం వచ్చింది. గుండెల్లో దిగులు, కాళ్లలో దరువు... రెండూ ఒకేసారి! 1960ల చివర్లో అదే దక్షిణాది కుర్రాళ్లు కొందరు ఆ దిగులు పాటకు కరెంటు గిటార్ల హోరు కలిపారు. దాన్నే ‘సదరన్ రాక్’ అన్నారు. అందులో పెద్దన్నలాంటిది ఆల్‌మన్ బ్రదర్స్ బ్యాండ్.

1969లో ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో మొదలై, జార్జియా రాష్ట్రంలోని మేకన్ అనే ఊళ్లో స్థిరపడిందా బృందం. అన్న డ్యువేన్‌ది గిటారు, తమ్ముడు గ్రెగ్‌ది గొంతు. డ్యువేన్ ఖాళీ మందు బిళ్లల గాజు సీసాని వేలికి తొడుక్కుని గిటారు తీగల మీద జారుస్తుంటే వాయిద్యం మనిషిలా మూలిగేది. (ఆ సీసాకు నకళ్లు ఇప్పటికీ గిటారు దుకాణాల్లో అమ్ముతారు. అభిమానమా మజాకా!) ఇద్దరు డ్రమ్మర్లలో ఒకరైన జైమో నల్లజాతి మనిషి. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి ఒక బండెక్కి తిరగడం అప్పటి జార్జియాలో మామూలు సంగతి కాదు. మన దగ్గర డప్పుది కూడా అదే కథ. ఊరి చివర వాడలో ఉండి, చాటింపుకీ శవయాత్రకీ మాత్రమే పనికొస్తుందనుకున్న వాయిద్యాన్ని పాటల దళాలు వేదిక నడిమధ్యకు తెచ్చాయి. దాన్ని ముట్టుకోవడానికి జంకిన కులాల పిల్లలే చిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని వాయించడం నేర్చారు. పాట మీది పిచ్చి చేసిన పని ఇది. సంస్కర్తల ఉపన్యాసాలతో ఇంత తొందరగా అయ్యుండేదా అంటే, నాకైతే అనుమానమే.

1971 మార్చిలో న్యూయార్క్‌లోని ఫిల్‌మోర్ ఈస్ట్ అనే హాల్లో ఆ బృందం పాడినదాన్ని రికార్డు చేసి జులైలో ఆల్బంగా తెచ్చారు. జనం ముందు వాయించినదే, శ్రోతల కేకలతో సహా. దాని వెనక అట్ట మీద గాయకుల బొమ్మ లేదు. సామాన్లు మోసి, తీగలు బిగించి, లారీలు నడిపే సిబ్బంది ఫొటో వేశారు! మన సభల్లో డప్పులు కాచేవాళ్లకు ఆ గౌరవం ఎవరైనా ఇచ్చారేమో, నేనైతే చూడలేదు.

గొంతు ఆగిపోయినప్పుడు

ఆ ఆల్బం వచ్చిన మూడు నెలలకే, 1971 అక్టోబరు 29న డ్యువేన్ మేకన్‌లో మోటారు సైకిల్ ప్రమాదంలో చనిపోయాడు. వయసు 24. ఏడాది తిరిగీ తిరగకముందే, 1972 నవంబరులో, అదే ఊళ్లో, ఆ చోటికి కాస్త దూరంలోనే మరో మోటారు సైకిల్ ప్రమాదం. ఈసారి బేస్ గిటారు వాయించే బెర్రీ ఓక్లీ. అతని వయసూ 24. ఇద్దర్నీ రోజ్‌హిల్ శ్మశానంలో పక్కపక్కనే పూడ్చారు. అయినా బృందం ఆగలేదు, జనం ఆగనివ్వలేదు. 1973 జులైలో వాట్కిన్స్ గ్లెన్ దగ్గర ఈ బృందమూ మరో రెండు బృందాలూ కలిసి చేసిన కచేరీకి సుమారు 6 లక్షల మంది వచ్చారు.

మనకూ ఆగిపోయిన గొంతులున్నాయి. బెల్లి లలిత ఇక్కడి బిడ్డే. భువనగిరి స్పిన్నింగు మిల్లులో కూలి చేస్తూ పాట పట్టింది. ఆమె పాడుతోందంటే చాలు, చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చేవి. 1999 మే నెలలో ఆమెను చంపేశారు. ముక్కలుగా చేసి పడేశారు. పాతికేళ్ల ఆడపిల్ల పాటకు అంత భయపడ్డారన్నమాట ఎవరో! తర్వాత మలిదశ తెలంగాణ ఉద్యమంలో, 2002లో మొదలైన ధూంధాం వేదికల మీద గొంతెత్తిన ఆడపిల్లల్లో ఆమెను తలుచుకోనివాళ్లు తక్కువ.

చావు ఒక్కటే కాదు, అభిమానికి ఇంకో పరీక్ష ఉంటుంది. పాటగాడు మనం అనుకున్నట్టు ఉండకపోతే? 1976లో గ్రెగ్ ఆల్‌మన్ మాదకద్రవ్యాల కేసులో తమ రోడ్ మేనేజరుకు వ్యతిరేకంగా కోర్టులో సాక్ష్యం చెప్పాడు. తోటివాళ్లు మొహాలు తిప్పుకున్నారు. బృందం విడిపోయింది. అభిమానులు ద్రోహమన్నారు. కొన్నేళ్లకు మళ్లీ కలిసి వాయిస్తే మళ్లీ వచ్చి విన్నారు.

గద్దర్ విషయంలోనూ ఇలాంటి పంచాయితీ ఇక్కడి టీకొట్ల దగ్గర ఏళ్ల తరబడి నడిచింది. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఆయన. బ్యాంకు ఉద్యోగం వదిలి, జననాట్యమండలి పాటై, అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో బయటికొచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం లక్షల్లో వచ్చారు. 1997 ఏప్రిల్ 6న ఇంటి దగ్గరే తూటాలు దిగినా బతికారు. అలాంటి మనిషి 2018లో జీవితంలో మొదటిసారి ఓటేసినప్పుడు, 2023 జులైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీ పక్కన కనిపించినప్పుడు పాత అభిమానుల్లో సగం మంది నొచ్చుకున్నారు, మిగతా సగం వెనకేసుకొచ్చారు. వాదించుకున్నవాళ్లిద్దరి ఫోన్లలో రింగుటోను మాత్రం ఆయన పాటే!

2023 ఆగస్టు 6న ఆయన పోయారు. ఎల్‌బీ స్టేడియం నుంచి అల్వాల్ దాకా సాగిన యాత్రలో గజ్జెలు కట్టినవాళ్లు, డప్పు పట్టినవాళ్లు, ఏమీ పట్టకుండా గొంతొక్కటే తెచ్చుకున్నవాళ్లు దారి పొడవునా పాడారు. ఆయనతో ఎన్ని పేచీలున్నవాళ్లకైనా పాటతో పేచీ లేకపోయింది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టి 2025 జూన్‌లో ప్రదానం చేసింది. ఒకప్పుడు పాడితే కేసులు పెట్టిన పాటగాడి పేరు మీద సర్కారు జ్ఞాపిక... కాలం ఎంత కొంటెదో!

ఆల్‌మన్ బృందం చివరి కచేరీ 2014 అక్టోబరు 28న న్యూయార్క్ బీకన్ థియేటర్లో జరిగింది. ఆ ఒక్క హాల్లోనే వాళ్లు 200కు పైగా కచేరీలు చేశారు. ఆ రాత్రి పాట అర్ధరాత్రి దాటేదాకా సాగి తేదీ 29కి మారింది. అంటే డ్యువేన్ వర్ధంతి. 1969లో తామంతా కలిసి మొట్టమొదట వాయించిన పాటతోనే ముగించారు. గ్రెగ్ 2017లో పోతే అన్న పక్కకే చేర్చారు. ఇప్పుడు రోజ్‌హిల్‌లో ఆ సమాధుల చుట్టూ కంచె ఉంది. పెట్టింది దొంగల కోసం కాదు, అభిమానుల తాకిడి తట్టుకోలేక!

మీ అటకమీద ఎవరున్నారు?

ఆ అభిమానుల అలవాటు ఒకటి మనం చెప్పుకోవాలి. కచేరీకి సొంత రికార్డర్లు తెచ్చుకునేవాళ్లు. బృందం వద్దనలేదు. అలా పట్టుకున్న టేపుల్ని అమ్ముకోకుండా, పోస్టులో ఒకరికొకరు మార్చుకునేవాళ్లు. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరు వాయించారు, ఏ పాట ఎంతసేపు సాగింది అన్నీ డబ్బా మీద రాసేవాళ్లు. ఇవాళ ఆ బృందం ఏ రాత్రి ఎలా వాయించిందో తెలుస్తోందంటే అందులో ఈ పిచ్చివాళ్ల చేతిరాత వాటా పెద్దదే.

మన దగ్గరా క్యాసెట్టు కాలం ఒకటి నడిచింది. 1980లు, 90ల్లో ఒక ఇంట్లో టేపురికార్డరు ఉంటే వాడంతా ఆ అరుగు మీదే ఉండేది. ఒక క్యాసెట్టు నుంచి నాలుగు, నాలుగు నుంచి పదహారు కాపీలు. కాపీకి కాపీ తీస్తే గొంతు కన్నా గరగర ఎక్కువయ్యేది, అయినా వినేవాళ్లు. కొందరు సభ దగ్గరే మైకు పక్కన టేపురికార్డరు పెట్టి పట్టుకున్నారు. పేరున్నవాళ్ల పాటలు ఇప్పుడు సెల్‌ఫోన్లో వేలితో నొక్కితే వస్తాయి. కానీ ఒక్క మండలం దాటని పాటగాళ్లున్నారు. పొద్దున కూలికెళ్లి రాత్రి గజ్జె కట్టిన వంతగాళ్లున్నారు. 2014లో తెలంగాణ వచ్చాక సాంస్కృతిక సారథి పెట్టి 550 మంది కళాకారులకు కొలువులిచ్చారు, బాగుంది. కొలువు దాకా బతకని గొంతులు మాత్రం ఎవరో అభిమాని ఇంట్లో, అటకమీద, అట్టపెట్టెలో ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

అందుకే ఈ ఆదివారం కాస్త తీరిక చేసుకుని ఆ పెట్టె దించండి. టేపు మీద తెల్లగా బూజు పట్టి ఉంటే వెంటనే ప్లేయర్లో పెట్టేయకండి. బూజు ప్లేయరుకు అంటి, దాన్నుంచి తర్వాతి క్యాసెట్టుకూ పాకుతుంది. దాన్ని పక్కన పెట్టి, తెలిసినవాళ్ల చేత శుభ్రం చేయించండి. బాగున్నవాటిని ముందుగా ఒకసారి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. క్యాసెట్టు పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ పలుకులుంటాయి, వాటిని విరగ్గొడితే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరిగిపోదు. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటరుకు ఒక తీగ కలిపితే పాట అందులోకి ఎక్కుతుంది. ఇంట్లో ఇంజినీరింగు చదివే పిల్లలుంటే అరగంట పని. అడిగి చూడండి, గొణుక్కుంటూనే చేస్తారు.

ఆ గరగరల మధ్య గొంతు ఎవరిదో గుర్తుపట్టగలిగేది బహుశా మీ ఇంట్లో నానమ్మో తాతయ్యో. పక్కన కూర్చోబెట్టుకుని వినిపించి, ఊరి పేరు, ఏడాది, పాడినవాళ్ల పేర్లు రాయించుకోండి. వంత పాడినవాళ్లవీ, డప్పు కొట్టినవాళ్లవీ కూడా. దగ్గర్లో మంట పెట్టి డప్పు కాచిందెవరో గుర్తుంటే... ఆ పేరు కూడా!